బీడీ పొగ, బొగ్గు దుమ్ము, మా పెద్దబాపు

మంచిర్యాలలో మా పక్కింటి పెద్దబాపు మొన్న సోమవారం పొద్దున కన్నుమూశాడు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. నేను బడిపంతులుగా ఆ వీధిలో అద్దెకు దిగిన రోజు, "కొడుకా, చాయ్ తాగుదువు రా" అని పిలిచాడు. అప్పటినుంచి నాకు పెద్దబాపే. కొన్నేళ్లుగా ఆయాసంతో మంచం పట్టి ఉన్నాడు. చివరికి ఊపిరి అందకనే పోయాడు.

మా ఇళ్ల వెనకే రైలు డబ్బాల్లోకి బొగ్గు నింపే సైడింగు. లారీలు బొగ్గు తెచ్చి గుమ్మరిస్తుంటే లేచే దుమ్ము పాలమీగడ మీద కూడా పేరుకునేది. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దబాపు అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. మానమని నేను అనేవాణ్ణి. రోజూ అదే తగువు.

"బీడీ నా ఇష్టంతోని తాగుతున్న. గా దుమ్ము నన్నెవలు అడిగి పంపుతున్రు? దాన్ని ఆపుమని ఒక్కలన్న అంటున్రా?"

"రెండూ పోయేది ఒక్క ఛాతిలకే గద, పెద్దబాపు!"

"ఛాతి నాది. నీకేం ఫికర్?" అని నవ్వేవాడు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగేది.

దుమ్ము గురించి ఆయన వాదనలో నిజం లేకపోలేదు. బీడీ ముట్టని నేనూ ఆ గాలే పీలుస్తున్నాను. నన్నూ ఎవరూ అడగలేదు.

ఒక ఎండాకాలం ఆయన భార్య, మా పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని కరీంనగర్ తీసుకుపోయాను. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని డాక్టరు అడిగితే పెద్దమ్మ తల దించుకుంది.

"నేను తాగుత" అన్నాడు పెద్దబాపు. వెంటనే, "మా ఇంటెనక బొగ్గు దుమ్ము గూడ ఉంది సారూ" అన్నాడు.

"రెండూ చెడ్డవే. దేనివల్ల ఎంతో విడదీసి చెప్పలేను" అన్నాడు డాక్టరు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెద్దమ్మ మెల్లగా అడిగింది. "ఛాతి నాదంటివి. మరి నాదెవలది?"

గొంతులో కోపం లేదు. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు నుంచి ఇంటి దగ్గర బీడీ ముట్టించలేదు, సందు చివరికి పోయి తాగేవాడు. ఏడాది తిరగకముందే పెద్దమ్మ పోయింది.

దినాలైన తర్వాత ఆయన ఇంటింటికీ తిరిగి వీధి జనాన్ని కూడగట్టాడు. అందరం కలిసి సైడింగు ఆఫీసుకు పోయాం. బొగ్గు మీద నీళ్లు చల్లించమని, అంతే అడిగాడు. అక్కడి అధికారి ఆయన జేబు వైపు చూసి నవ్వాడు.

"ముందు ఆ బీడీలు మానేయండి. తర్వాత దుమ్ము సంగతి మాట్లాడుదాం."

మాలోనే కొందరు కిసుక్కున నవ్వారు. పెద్దబాపు బీడీకట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇగో, ఇయ్యాల్టి సంది ఇది బందు. ఇగ నీ సంగతి చెప్పు."

అధికారి "చూద్దాం" అని ఫైల్లోకి తల వంచాడు.

పెద్దబాపు మళ్లీ బీడీ ముట్టలేదు. మొదట్లో వేయించిన శనగలు నములుతూ అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. నీళ్ల ట్యాంకరు కొన్నాళ్లు వచ్చింది, తర్వాత మానేసింది. ఆ ఆఫీసు మెట్లు ఎక్కగలిగినంత కాలం ఆయన పోయి అడుగుతూనే ఉన్నాడు.

నిరుడు ఒకసారి మంచం పక్కన కూర్చుని, ముందే మానితే బాగుండేదని అనబోయి ఆగిపోయాను. ఆయనకు అర్థమైంది.

"ఆఫీసరు అన్నడని మానలే కొడుకా. బస్సుల మీ పెద్దమ్మ అడిగిన మాటకు నా తాన జవాబు లేకపాయె."

మొన్న గోదావరి ఒడ్డుకు తీసుకుపోతుంటే రైలు గేటు పడింది. పాడె దించుకుని నిలబడ్డాం. బొగ్గుబండి వచ్చింది. నల్లటి గాలి మా మీదికి కొడుతుంటే ఆయన కూతురు పరుగున వచ్చి, కొంగుతో తండ్రి ముఖం కప్పి పట్టుకుంది. బండి పోయింది. గేటు లేచింది. ఆమె మాత్రం కొంగు తీయలేదు.