గోడ కనబడింది, పెళ్లికూతురు కనబడలేదు

తమ్ముడు దుబాయి నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నా కోసం ఒక ఎస్సెల్లార్ కెమెరా తెచ్చాడు. ఎనభైల చివరి రోజులవి. అప్పటికి రెండేళ్లుగా నేను ఎల్లారెడ్డిలో ఉంటూ పెళ్లిఫోటోలు తీస్తున్నాను. ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్లుండే గదిలోకి మగ ఫోటోగ్రాఫర్‌ని రానివ్వరు కాబట్టి నన్ను పిలిచేవారు.

ఆ పని నాకు నేర్పింది కామారెడ్డిలో స్టూడియో నడిపే ఒకాయన. అన్నా అని పిలిచేదాన్ని. ఆడదానికి ఈ పనేంటని అందరూ నవ్వినా ఆయన నవ్వలేదు. తన పాత కెమెరా నా చేతిలో పెట్టి, వెలుతురు ముఖం మీద ఎటు నుంచి పడుతుందో చూడమని గంటల తరబడి ఎండలో నిలబెట్టేవాడు. నా తోడబుట్టినవాడు నన్ను అంతగా నమ్మాడో లేదో గాని, ఆయన నమ్మాడనే అనుకున్నాను.

కొత్త కెమెరాతో మొదటి రీలు ఇంట్లోనే తీశాను. తమ్ముడి మీసంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనబడింది. ఆ సంబరంలో కెమెరాను అన్నకు చూపించడానికి కామారెడ్డి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చెల్లె, రెండు దినాలు ఈడ్నే పెట్టి పో. నేను చూసి, ఎట్ల వాడాల్నో మంచిగ చెప్త" అన్నాడు. సరేనని పెట్టి వచ్చాను.

తిరిగి తెచ్చుకున్నాక తీసిన ఫోటోలన్నీ మెత్తబడిపోయాయి. కెమెరా కిటికీలోంచి చూస్తే ముఖం సూదిమొనలా తేటగా ఉంటుంది. ఫోటో కడిగి వచ్చేసరికి మీద పాలమీగడ కమ్మినట్టు ఉంటుంది. రీళ్లు ఆయన దగ్గరే కడిగించేదాన్ని. ఆయన ఫోటోలను వెలుతురులో పెట్టి చూసి, "కెమెరాల ఏం లేదు చెల్లె. బరువు కెమెరా, ఆడమనిషి చెయ్యి. వణుకుతుంది" అన్నాడు.

నమ్మాను. మూడు కాళ్ల స్టాండు కొన్నాను. షటర్ వేగం పెంచాను. ఊపిరి బిగబట్టి మీట నొక్కడం అలవాటు చేసుకున్నాను. లెన్సును మెత్తటి మల్లుగుడ్డతో తుడిచాను, ఫిల్ము మార్చాను. చివరికి కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. ఫోటోలు మాత్రం బాగుపడలేదు. పొయ్యి ముందు కూర్చుని నా చేతులు చాపి చూసుకునేదాన్ని. నిజంగానే వణుకుతున్నట్టు అనిపించేది.

అప్పుడే ఎల్లారెడ్డిలో ఒక అమ్మాయి పెళ్లికి తీశాను. ఆమె తండ్రి సౌదీలో డ్రైవరు, సెలవు దొరక్క రాలేకపోయాడు. ఆయనకు పంపడానికే ఆ ఫోటోలు. నెల తర్వాత అమ్మాయి తల్లి ఆయన రాసిన ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కోప్పడలేదు. గడప దగ్గరే నిలబడి చదివి వినిపించింది.

"గోడ మీద క్యాలెండర్‌ల తారీఖులు సుత కనబడుతున్నయట. బిడ్డ మొఖమే కనబడ్తలేదట." మడత పెడుతూ అడిగింది, "గిట్లెందుకైంది అక్కా?"

ఆమె వెళ్లాక నా దగ్గర ఉంచుకున్న ప్రతులు ముందేసుకుని కూర్చున్నాను. ఆయన రాసింది నిజమే. పెళ్లికూతురు మసక, వెనక గోడ తేట. నా చెయ్యి వణికితే గోడ కూడా వణకాలి కదా!

మర్నాడు దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చాను. గుమ్మంలో కుర్చీ వేసి కెమెరా నుంచి సరిగ్గా ఆరడుగులు కొలిచాను. ఒక ఫోటో కెమెరా కిటికీలోంచి చూసి, తేటగా కనబడేలా లెన్సు తిప్పి తీశాను. రెండోది కిటికీలోకి చూడకుండా, లెన్సు మీది దూరం అంకెను ఆరుకు తిప్పి తీశాను. ఈసారి రీలు కామారెడ్డికి ఇవ్వలేదు, నిజామాబాద్‌లో కడిగించాను. కన్ను నమ్మి తీసింది మసకగా వచ్చింది. టేపు నమ్మి తీసిందాంట్లో కుర్చీ అల్లిక పోగులు కూడా కనబడ్డాయి.

అక్కడే కెమెరాలు బాగుచేసే ముసలాయన లెన్సు విప్పి లోపలికి చూశాడు. కిటికీలోంచి మనం చూసే బొమ్మ పడే చిన్న అద్దపు బిళ్లను చిమటాతో పట్టి బయటికి తీశాడు.

"ఉల్టా పెట్టిండ్రు బిడ్డా. గరుకు దిక్కు కిందికుండాలె, మీదికున్నది. గందుకే నీ కంటికి తేటగున్నది ఫిల్ము మీద మసకైతది. ఎవలన్న విప్పిండ్రా?"

అది నా చెయ్యి దాటి వెళ్లింది ఒక్కచోటికే. దాన్ని సరిగ్గా పెట్టించుకుని, వచ్చే దారిలో కామారెడ్డిలో బస్సు దిగాను.

"అన్నా, దీన్ని మీరు విప్పిండ్రా?"

ఆయన నా ముఖం చూడలేదు. "లోపట దుమ్ము కనబడ్డది చెల్లె. తుడుద్దామని తీసిన."

"తిరగేసి పెట్టినట్టు ఎప్పుడు ఎరుకైంది?"

బల్లమీది గుడ్డ తీసి ఖాళీ ఫ్రేమొకటి తుడవసాగాడు. "నీ రెండో రీలు కడిగినప్పుడే అనుమానమొచ్చింది."

"మరి నా చెయ్యి వణుకుతుందని ఎందుకన్నరు?"

"నేర్పినోణ్ని గదా. నేనే ఖరాబు చేసిన అని నీ ముందట ఎట్ల చెప్పుకోవాలె?"

కెమెరా పాడుచేసినందుకు నాకు కోపం లేదు. అడిగితే నేను కూడా దుమ్ము తుడవమనే చెప్పేదాన్ని. కానీ ఆరునెలలు నా చేతులను నాకే పరాయివి చేశాడు. ఒక తండ్రికి కూతురి పెళ్లి ముఖం లేకుండా పోతున్నా నోరు విప్పలేదు. ఆయన ముందు ఏడవకూడదని బయటికి వచ్చేశాను.

ఆ వారమే పెళ్లికూతురిని వెతుక్కుంటూ మాచారెడ్డిలో ఆమె అత్తగారింటికి వెళ్లాను. పెళ్లిబట్టలు మళ్లీ కట్టుకుంది. చేతుల గోరింటాకు మాత్రం అప్పటికే వెలిసిపోయింది. ఆ ఫోటోలు సౌదీకి పంపాం. చేరాయని జవాబు వచ్చింది, అంతకుమించి ఏమీ రాయలేదు.

ఆ తర్వాత నేను కామారెడ్డి స్టూడియో మెట్టెక్కలేదు. రెండేళ్లకు సదాశివనగర్‌లో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాం. ఆయన మగవాళ్ల పందిట్లో, నేను లోపల ఆడవాళ్ల దగ్గర. ఆయన ఫ్లాష్ వెలగలేదు. తలుపు దాకా వచ్చి, "చెల్లె, ఇంకోటి ఉన్నదా?" అని అడిగాడు. తీసి ఇచ్చాను. పని అయ్యాక తిరిగి తెచ్చాడు. నేను ఆయన ఎదురుగానే ఫ్లాష్‌ను మూడుసార్లు వెలిగించి చూసుకుని సంచిలో పెట్టుకున్నాను.