కండక్టరు కృపావరం గారి జబ్బు

నోట్లో నువ్వుగింజ నానదని కొందరి గురించి అంటూంటారు. కృపావరం గారి విషయంలో ఆ మాట చాలా తక్కువ. గింజ నోట్లో పడకముందే అది ఎవరి చేలో పండిందో, ఎవరు కోశారో, ఎవరు కొన్నారో నలుగురికీ చెప్పేసేవారాయన.

అలాంటి మనిషిని ఆర్టీసీ వాళ్ళు కోరి కోరి కండక్టరుని చేశారు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే పల్లెవెలుగు బస్సు ఆయనది. దెందులూరులో ఎక్కిన కబురు గుండుగొలనులో ఈడేరి, భీమడోలులో పెళ్ళి చేసుకుని, పూళ్ళ చేరేసరికి పిల్లల్ని కనేది. టిక్కెట్టుకి డబ్బులు తీసుకునేవారు గానీ కబురు మాత్రం ఉచితం. కొల్లేటి చేపల బుట్టలు ముందు, కోళ్ళ గంపలు వెనక, మధ్యలో చెవిలో పెన్సిలు పెట్టుకుని కృపావరం గారు. ఇప్పటి కండక్టర్లు చక్కగా, మర్యాదగా ఉంటారు, కాదనను. కానీ దిగేటప్పుడు ఏమీ తెలియకుండానే దిగిపోతున్నాం.

ఓసారి విద్యాశాఖ నుంచి ఒకాయన ఆకస్మిక తనిఖీకని పంచె కట్టుకుని మామూలు రైతులా బస్సెక్కారు. కృపావరం గారు మొహం చూసి పోల్చేశారు. ఆ తరవాత దారి పొడుగునా బడి కనిపించిన చోటల్లా కిటికీలోంచి తల బయటపెట్టి తనిఖీ వస్తోందని ఒకటే కేక. ఆయన పూళ్ళలో దిగేసరికి బడి గేటు దగ్గర హెడ్‌మాస్టరు పూలదండతో నిలబడి ఉన్నారు.

"ఏవయ్యా, ఇది ఆకస్మిక తనిఖీ అని నీకు తెలుసా?" అని తనిఖీ ఆయన బస్సు వైపు తిరిగి పళ్ళు కొరికారు.

"ఆయ్! తెలుసండీ. ఆకస్మికంగా వస్తే మావోళ్ళు కంగారు పడిపోతారండీ, అందుకని ముందే చెప్పాను."

ఆయన భార్య యేసమ్మ గారు ఈ మొగుణ్ణి వాడుకోవడం నేర్చుకున్నారు. ఊరికి తెలియాల్సిన సంగతులు పొద్దున్నే, ఆయన డ్యూటీ ఎక్కే ముందు చెప్పేవారు. తెలియకూడనివి చెప్పేవారే కాదు. "మా పెద్దాడు కడుపులో ఉన్న సంగతి ఐదో నెల దాకా దాచానండీ. ఆ తరవాత కడుపే చెప్పేసింది" అనేవారు.

ఇక నా సంగతి. నా పేరు సత్తిరాజు. తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూల్లో లెక్కల మేష్టారిని. గుండుగొలనులో కాపురం, రోజూ ఈ బస్సులోనే రాకపోకలు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, అంటే రెండువేల ఆరులో, మా బడిలో రక్తదాన శిబిరం పెట్టారు. పిల్లలకి ఆదర్శంగా ఉంటుందని అందరికంటే ముందు నేను పడుకున్నాను. పది రోజులకి ఫోనొచ్చింది. మీ రక్తం పనికిరాదు, ఓసారి ఏలూరు వచ్చి డాక్టరుని కలవండి అని.

ఏలూరులో మళ్ళీ రక్తం తీసుకున్నారు. రిపోర్టు మర్నాడిస్తామన్నారు. మా వైపు అలాంటివాటికి ఎవరూ మళ్ళీ ఏలూరు వెళ్ళరు. మందులు, పెళ్ళి శుభలేఖలు, కుట్టించిన జాకెట్లు, అన్నీ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తే, మనం స్టాపులో నిలబడి అందుకోవడమే. నేనూ అలాగే చెప్పాను. లెక్కల మేష్టారిని కదా, లెక్క కూడా వేసుకున్నాను. మర్నాడు డ్యూటీ ఇంకో కండక్టరు సీమోనుది. అతని నోట టిక్కెట్టు ధర తప్ప ఇంకో మాట రాదు.

సీమోనుకి ఆ రోజు జ్వరం వచ్చింది. బస్సు ఆగి, తలుపు తెరుచుకుని, ఫుట్‌బోర్డు మీద నా కవరు పట్టుకుని కృపావరం గారు కనిపించేసరికి నా లెక్క తప్పిందని తెలిసింది. కవరు అంటించి లేదు.

"చదివారా?" అన్నాను.

"ఛఛ, ఇంకోళ్ళ కాయితం నేనెందుకు చదువుతానండీ?" అని, గొంతు తగ్గించి, "ఇంతకీ లివరుకి ఏ డాక్టరుకి చూపిస్తున్నారు మేష్టారూ?" అన్నారు.

నాకు హెపటైటిస్ సి. ఎనభై ఎనిమిదిలో ఆపరేషనప్పుడు ఎక్కించిన రక్తంలోంచో, చిన్నప్పుడు ఊరి డాక్టరు అందరికీ పొడిచిన ఒకే సూదిలోంచో వచ్చి ఉంటుందని ఏలూరు డాక్టరు గారు అన్నారు. "లివరు ఇంకా బాగానే ఉంది. వారానికో ఇంజక్షను, రోజూ మాత్రలు, ఇరవై నాలుగు వారాలు. జ్వరం, నీరసం, చిరాకు ఉంటాయి. ఓర్చుకుంటే పదిమందిలో ఏడెనిమిది మందికి నయమవుతుంది" అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

నిజానికి వద్దనే నిర్ణయించుకున్నాను. ఖర్చుకి పి.ఎఫ్. ఉంది. నా భయమల్లా ఊరు. లివరు జబ్బంటే తాగుబోతనే అంటారు. పిల్లల తండ్రులు ఏమంటారు? వారం వారం ఏలూరు ఎందుకు వెళ్తున్నారంటే ఏం చెప్పను? మా ఆవిడ సరోజ ఏడ్చి, తిట్టి, చివరికి, "పరువు కోసం ప్రాణం తీసుకుంటారా? మీకు లెక్కలు ఎవరు నేర్పారండీ?" అంది. ఇక ఎలాగూ కృపావరం గారు చదివేశారు గనక పరువు కూడా మిగలదని, రెంటికీ చెడ్డానని నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఒకరోజు గడిచింది. రెండు గడిచాయి. బస్సులో ఎవరూ నా వంక జాలిగా చూడలేదు. వారం తరవాత టీకొట్టు వెంకట్రాజు నన్ను పక్కకి పిలిచాడు.

"విన్నారా మేష్టారూ? హెపటైటిస్ సి అంటండీ. లివరుకి పట్టేసిందంట."

"ఎవరికి?" అన్నాను.

"ఇంకెవరికండీ, మన కృపావరం గారికి! ఆయనే చెప్పారు."

పరిగెత్తుకుని వెళ్ళి ఆయన్ని పట్టుకున్నాను. "అవునండీ" అన్నారు కృపావరం గారు తాపీగా. "మీ కాయితం చదివాక, అదే, చదవకపోయినా, అనుమానమొచ్చి నేనూ పరీక్ష చేయించుకున్నాను. చిన్నప్పుడు ఆ ఊరి డాక్టరు గారి సూది నేనూ పొడిపించుకున్నాను కదండీ. ఇప్పుడు ఇంజక్షన్లంటున్నారు. నాకు సూదంటే చచ్చే భయం. ఒక్కణ్ణీ వెళ్ళలేను. మీరు తోడు రావాలి."

"నేనా?"

"ఎలాగూ వస్తారు కాబట్టి మీరూ పొడిపించుకోండి. అడిగినోళ్ళకి కృపావరానికి తోడెళ్తున్నానని చెప్పండి. అబద్ధం కూడా కాదు."

ఆ వాదనలో తప్పెక్కడుందో వెతికాను. దొరకలేదు. అలా మొదలైంది నా వైద్యం. ప్రతి బుధవారం, ఆయన వారపు సెలవు రోజున, ఇద్దరం ఏలూరు వెళ్ళేవాళ్ళం. ముందు నేను లోపలికి వెళ్ళేవాణ్ణి, నర్సు క్రిస్టినా నాకు ఇంజక్షను ఇచ్చేది. తరవాత ఆయన వెళ్ళి, అరగంటకి జబ్బ మీద దూది అదిమి పట్టుకుని, "అబ్బా, యేసయ్యా" అంటూ బయటికొచ్చేవారు.

ఊరంతా నన్ను మెచ్చుకుంది. "తోటివాడి కోసం వారం వారం సెలవు పెట్టుకుంటున్నారు, దేవుడండీ మేష్టారు" అన్నారు. ఆయనకి మాత్రం సలహాల వాన కురిసింది. ఒకరు నేల ఉసిరి రసం తెచ్చారు. నల్లజర్ల నుంచి ఒకాయన పసరు సీసాతో బస్సెక్కి, దాన్ని తాగించేదాకా టిక్కెట్టు తీసుకోనన్నాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని పట్టుకుని పాస్టరు గారు మద్యపానం మీద మూడు ఆదివారాలు ప్రసంగించారు.

అది నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనివీ ఉన్నాయి. ఆయనకి వేలు నాలిక మీద తడిచేసుకుని టిక్కెట్టు చింపే అలవాటు. జనం ఆ టిక్కెట్టు అందుకోవడం మానేశారు. వెంకట్రాజు టీకొట్టులో ఆయనకి ఎర్రదారం కట్టిన గ్లాసు వేరుగా పెట్టాడు. అది చూసిన రోజు నేను టీ తాగలేకపోయాను. ఆ గ్లాసు నాకు రావలసింది.

కృపావరం గారు పోస్టాఫీసులో వాడే తడి స్పాంజి ఒకటి సంపాదించి బెల్టుకి వేలాడదీసుకున్నారు. ఆ స్పాంజి చూపిస్తూ భీమడోలు నుంచి గూడెం దాకా ఉపన్యాసం. "ఇది రక్తంలోంచి రక్తంలోకి ఎక్కితేనే వస్తాదండీ. గ్లాసుతో రాదు, కంచంతో రాదు, దగ్గితే రాదు. మంగలి దగ్గర కొత్త బ్లేడు అడగండి, సూదేయించుకుంటే కొత్త సూది అడగండి. పూళ్ళ, పూళ్ళ, దిగాలండీ!" మూడు నెలలకి ఆ రూట్లో ఈ జబ్బు గురించి తెలియనివాడు లేడు. వెంకట్రాజు ఎర్రదారం తెంపేశాడు.

మందు నన్ను పిండేసింది. ఇంజక్షను మర్నాడల్లా జ్వరం, ఒళ్ళు నొప్పులు. జుట్టు రాలింది. సుద్దముక్క కింద పడితే ఏడుపొచ్చేది. నేను ఆరు కిలోలు తగ్గాను. కృపావరం గారు మూడు కిలోలు పెరిగారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"మందు ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా పనిచేస్తాదంటండీ" అన్నారు బాధగా, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుంటూ.

పదకొండో వారం నేను చేతులెత్తేశాను. బస్టాపులో కూలబడి, "నా వల్ల కాదండీ, మానేస్తాను. మీరు వెళ్ళండి" అన్నాను.

ఆయన నా పక్కనే కూర్చున్నారు. "సరేనండీ. మీరు మానేస్తే నేనూ మానేస్తాను. నేను పోతే యేసమ్మకి మాత్రం మీరే చెప్పాలి. నాకు ధైర్యం లేదు."

పోయాక మీరెలా చెబుతారని అడిగే ఓపిక కూడా నాకు లేదు. నా నీరసం కోసం ఒక సంసారం పాడవకూడదని లేచి బస్సెక్కాను. మిగతా పదమూడు వారాలూ ఆ పట్టుదలతోనే గడిపాను. కృపావరం గారి ప్రాణం నా చేతుల్లో ఉందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. పైకి చెప్పలేదు గానీ లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

కోర్సు అయింది. ఆరునెలలాగి మళ్ళీ పరీక్ష చేశారు. నా రక్తంలో వైరస్ లేదు. సరోజ డాక్టరు గారి గదిలోనే ఏడ్చేసింది, నేను గోడ కేసి తిరిగి నిలబడ్డాను. బయటికొచ్చి క్రిస్టినాని అడిగాను.

"అమ్మా, కృపావరం గారి రిపోర్టు కూడా ఇస్తే తీసుకెళ్తాను."

ఆ పిల్ల తలదించుకుని నవ్వాపుకుంది. "ఆయనకి రిపోర్టేంటండీ? మీ కాయితం చూసిన మర్నాడే పరీక్ష చేయించుకున్నారు. ఏమీ లేదండీ."

"మరి వారం వారం లోపల?"

"మా క్యారియర్లో ఇడ్లీలు తినేవారండీ. వెళ్ళేటప్పుడు కాస్త దూది ఇమ్మనేవారు."

ఆ సాయంత్రం కృపావరం గారి బస్సులోనే తిరిగొస్తూ, గుండుగొలను వచ్చేదాకా ఆయన మొహం చూడలేకపోయాను. దిగబోతూ యేసమ్మ గారికి కూడా తెలియదా అని అడిగాను. తెలుసట. ఆమెకి ఒక్కదానికే చెప్పారట. "మా ఆయన కడుపులో మాట దాగగా చూడడం నా జన్మలో అదొక్కసారేనండీ" అని తరవాత ఆమే నాతో అన్నారు.

"ఏడాది పాటు నాకెందుకు చెప్పలేదండీ?" అని నిలదీశాను ఫుట్‌బోర్డు మీద.

కృపావరం గారు అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకి వంగారు.

"మీకు చెప్తే మీరు ఎవరికైనా చెప్పేస్తారని భయమండీ. మీ నోట్లో మాట నిలవదు మేష్టారూ" అని, "రైట్ రైట్!" అన్నారు.

బస్సు వెళ్ళిపోయింది. ఎంత మాటన్నారని అప్పుడు నాకు కోపం కూడా వచ్చింది. కానీ నన్ను ఆయన సరిగానే అంచనా వేశారు. రిటైరై ఇంటి దగ్గర ఉన్న ఆయన, ఇది ఎవరికీ చెప్పొద్దని నిన్న కూడా నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ మీ అందరికీ చెప్పేశాను.