స్టేజీ స్టేజీకీ ఆగుతూ భీమిలి దాకా

మధ్యాహ్నం రెండింటికి మా ఆవిడ పులిహోర పొట్లం చేతిలో పెడుతూ, "దారిలోనైనా ఆయనకి చెప్పేయండి. ఈ దాపరికం నా వల్ల కాదు" అంది. కింద గేటు దగ్గర యాదయ్య గారు భుజాన ఎర్ర తువ్వాలుతో అప్పటికే తయారు. "సారూ, ఎల్తున్నమా, రేపొస్తరా?" అని కేకేశారు. నేను మెట్లు దిగాను. చెప్పలేదు. నేనెంత ధైర్యవంతుణ్ణో అక్కడే తేలిపోయింది.

సంగతి ఇదీ. మన్సూరాబాద్‌లో యాదయ్య గారింటి పై పోర్షన్‌లో అప్పటికి పదహారేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. ఆయనది నల్గొండ పక్క పల్లె, సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మాది విశాఖ. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంధువులందరిదీ ఒకటే పాట, "రాష్ట్రం విడిపోతే మన గతేంటి?" అని. విని విని నాకూ భయం పట్టుకుంది. విశాఖకి బదిలీ అడుగుతూ దరఖాస్తు రాసి సంచిలో పెట్టుకున్నాను. అక్కడ మా బావమరిది ఒక ఇల్లు చూసి పెట్టాడు. ఈ ప్రయాణం ఆ ఇంటికోసమే. యాదయ్య గారికి మాత్రం, "బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కి ఏళ్లయింది, ఓసారి తొక్కి వస్తా" అని కోశాను. పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"నేను గూడ ఒస్త సారు. సముద్రం ఎట్లుంటదో ఇంతవరకు జూడలే. నా బస్సు ఎన్నడు కోఠి దాటలే గద."

ఇంకేమంటాను?

సైకిల్ మా ఇద్దరికీ కొత్త కాదు. బంద్ రోజు బస్సులుండవు కాబట్టి ఇద్దరం సైకిళ్లేసుకుని ఎల్బీనగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా పక్కపక్కనే తొక్కేవాళ్లం. అక్కడ ఆయన దీక్షా శిబిరంలో కూర్చునేవారు. నేను మలక్‌పేటలో మా ఆఫీసుకి పోయి, సగం దించిన షట్టర్ కిందనుంచి దూరేవాణ్ణి. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆయన లేచి పంచె దులుపుకుని, "పోదమా సారు?" అనేవారు. శిబిరంలో ఎవరైనా నావైపు వంకరగా చూస్తే, "మా సారు. మా ఇంట్లనె ఉంటడు" అని చెప్పేవారు. ఇంటిదాకా రాష్ట్రం గురించి పోట్లాడుకునేవాళ్లం. ఆ రోడ్లంత ఖాళీగా మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పోట్లాటలే తియ్యగా అనిపిస్తాయి.

ఎల్బీనగర్‌లో సికింద్రాబాద్ బస్సెక్కి, సాయంత్రం ఐదు దాటాక విశాఖ బండి అందుకున్నాం. ఎదురు బెర్తులో అనకాపల్లి పెద్దావిడ మా వాదన కాసేపు విని, "మీరిద్దరూ అన్నదమ్ములా బాబూ?" అంది.

"కాదండీ. నేను ఆంధ్రా, ఆయన తెలంగాణ."

"మరి కొట్టుకోరేం?"

"కొట్టుకుంటమమ్మా. జర పులిహోర అయిపోనీ" అన్నారు యాదయ్య గారు. ఆవిడ నవ్వి, తన డబ్బాలోంచి మాగాయ ముక్కలు వేసింది.

పొద్దున్న ఆరున్నరకి విశాఖలో దిగి, ఆటోలో తిన్నగా ఆర్కే బీచ్‌కి పోయాం. యాదయ్య గారు ఇసుక మొదట్లోనే చెప్పులు విడిచారు. నడుమున చేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఏమంటారో అని నేను పక్కన నిలబడ్డాను.

"ఇన్ని నీళ్లు పెట్టుకొని, మా నల్లకు దినం తప్పిచ్చి దినం ఇడుస్తరా?"

ఎంత నవ్వానో! చదువుకునే రోజుల్లో నేను సైకిలేసుకుని తిరిగిన ఒడ్డు అది. ఆయన పక్కన నిలబడి చూస్తుంటే ఆ రోజులన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

పెదవాల్తేరులో ఒక షాపులో సైకిళ్లు అద్దెకి దొరికాయి. మనిషికి రోజుకి యాభై రూపాయలు, ఒక గుర్తింపు కార్డు తాకట్టు. ఏడున్నరకి బయల్దేరాం. భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. కుడిచేతి వైపు సముద్రం, ఎడమవైపు కొండలు, అక్కడక్కడ చిన్న ఎత్తులు తప్ప దారి హాయిగా ఉంటుంది. గాలి వీపున ఉంటుంది కాబట్టి పోయేటప్పుడు సుఖం. వెళ్లదలుచుకున్నవాళ్లు తిరుగు దారిలో ఆ గాలే మొహాన కొడుతుందని మరిచిపోకండి.

సుఖం సరే గానీ, యాదయ్య గారితో ఒకటే చిక్కు. బస్టాపు కనబడితే చాలు, ఎడమకి జరిగి, ఆగి, కాలు కింద ఆనించి, వెనక్కి ఓసారి చూసి మళ్లీ తొక్కేవారు. జోడుగుళ్లపాలెంలో ఆగారు. తెన్నేటి పార్కు దగ్గర ఆగారు. సాగర్‌నగర్‌లో నాకు ఒళ్లు మండింది.

"మీ సైకిలు ఎవరెక్కాలండీ ఇప్పుడు?"

"ముప్పై ఏండ్ల అలవాటు సారు. స్టేజి ఒస్తె కాలు దానంతటదె ఆగుతది. ఎవలన్న ఉరికొస్తున్నరేమో జూడొద్దా?"

తొమ్మిదింటికి ఋషికొండ చేరి, బండి దగ్గర ఇడ్లీ తిని టీ తాగుతున్నాం. మమ్మల్ని వెతుక్కుంటూ మా బావమరిది స్కూటర్ మీద వచ్చేశాడు. పాపం, వాడికేం తెలుసు?

"బావగారూ, ఇంటాయన అడ్వాన్సు ఇవాళే ఇమ్మంటున్నాడు. ఇంతకీ హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఓనరుకి చెప్పేశారా?"

యాదయ్య గారు గ్లాసు ఖాళీ చేసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని సైకిలెక్కారు. నేను వెనకాల పడ్డాను. బస్టాపు వచ్చింది, ఆయన ఆగలేదు. మంగమారిపేట వచ్చింది, ఆగలేదు. తర్వాత ఒక్క స్టేజీలోనూ ఆ కాలు కింద ఆనలేదు. "యాదయ్య గారూ!" అని అరుస్తూ, రొప్పుతూ తొక్కాను. సముద్రం కుడివైపు ఉందో లేదో కూడా నేను చూడలేదు.

పదకొండు అవుతుండగా భీమిలిలో, లైట్‌హౌస్ దగ్గర దొరికారు. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉన్నారు.

"పదారేండ్లు నా నెత్తిమీద నడిసిన్రు" అన్నారు నావైపు తిరక్కుండా. "మీద ఎవలు నడుస్తున్నరో అడుగు సప్పుడు వట్టి చెప్త నేను. గింత మాట చెప్పనీకి నోరు రాలేదా సారు?"

"భయమేసిందండీ. మీరూ శిబిరంలో కూర్చుంటున్నారు కదా."

"కూసుంట. రేపు గూడ కూసుంట. తెలంగాణ కావాలె నాకు. గది మిమ్ముల ఎల్లగొట్టనీకా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పక్కన నీళ్లలోకి దిగాను. కాసేపటికి ఆయనే నా భుజం పట్టుకుని, "కెరటమొస్తుంది, ఎనుకకు జరుగుండ్రి" అన్నారు.

ఎదురుగాలికి మా ఇద్దరికీ ఓపిక లేక సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసి తిరిగొచ్చాం. మధ్యాహ్నం ఆయనే పట్టుబట్టి ఆ ఇల్లు చూడ్డానికి వచ్చారు. పంపులన్నీ తిప్పి చూశారు. కిటికీలు లాగి చూశారు. గోడ మీద చెమ్మ ఉందేమోనని అరచేయి ఆనించారు. "ఇల్లు మంచిగున్నది. నీళ్లు గూడ జోరుగొస్తున్నయి. తీస్కోండ్రి" అని బయటికెళ్లి నిలబడ్డారు. ఫోన్ చేసి చెబుతానని బావమరిది దగ్గర నేను తప్పించుకున్నాను.

మర్నాడు తెలంగాణలో రైల్ రోకో అనడంతో ఆ రాత్రి బండి విజయవాడ దాకానే అన్నారు. తెల్లారి ఆరింటికి అక్కడ దిగితే, బస్టాండులో ఇసకేస్తే రాలనంత జనం. నేను అరటిపళ్లు కొనేలోగా యాదయ్య గారు హైదరాబాద్ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి రెండు సీట్లు పట్టేశారు. తువ్వాలు పడ్డ సీటులో ఇంకొకరు కూర్చోకూడదు కదా. కానీ నేను ఎక్కేసరికి బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఒకాయన దబాయిస్తున్నాడు.

"మనిషి లేకుండా తువ్వాలేంటండీ?"

"మనిషున్నడు. వస్తుండు."

నన్ను చూసి ఆయన తప్పుకున్నాడు. సూర్యాపేటలో టీ తాగాం. మా వీధిలో ఇల్లు ఖాళీ అవుతుందంటే, నెల ముందే గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతుంది. దిగగానే యాదయ్య గారు ఆ బోర్డు బయటికి తీస్తారనుకున్నాను. బాటసింగారం వచ్చింది. ఇప్పుడక్కడ పండ్ల లారీల రద్దీ గానీ, అప్పుడు పొలాలూ, ప్లాట్ల హద్దురాళ్లూ.

"సారు" అన్నారు. "భయమున్న కాడ ఉండమని నేననను. పోండ్రి. నేనైతె టు-లెట్ బోర్డు పెట్ట. ఒక ఏడాది తువ్వాల ఏసి ఉంచినట్టె. ఎవలన్న అడిగితె, మనిషి వస్తుండని చెప్త."

నాకు ఏడుపు ఆగలేదు. బస్సులో అందరూ చూస్తున్నా ఆగలేదు. సంచిలోంచి దరఖాస్తు తీసి, రెండుగా చింపి జేబులో కుక్కుకున్నాను.

"తువ్వాలు తీసేయండి యాదయ్య గారూ. మనిషి వచ్చేశాడు."

ఆయన తువ్వాలుతో గట్టిగా మొహం తుడుచుకున్నారు. "గా ముక్క ఋషికొండ కాడ చెప్తె నేను గంత జోరు తొక్కకపోతుంటి గద సారు. మోకాళ్లు పోయినయి."

హయత్‌నగర్‌లో బస్సు ఆగి, మళ్లీ కదలబోయింది. యాదయ్య గారు కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక్కి చూసి, "ఒక ముసలామె ఉరికొస్తుంది, జర ఆపు డ్రైవర్ సాబ్" అని కేకేశారు.