నువ్వుగింజంత

ఆమెను అందరూ బైండరమ్మ అనే పిలుస్తారు. పాతికేళ్లకు పైగా అచ్చాఫీసు వెనకగదిలో పుస్తకాలు కుడుతోంది. అచ్చయిన కాగితాలు మడవాలి, వరుస చూసి పేర్చాలి, సూదీ దారంతో కుట్టి, జిగురు రాసి అట్ట వేయాలి. పేజీ తారుమారైతే ఆమె కంట పడకుండా పోదని యజమాని గొప్పగా చెప్పుకుంటాడు. ఆమె మాత్రం మాట పొదుపు మనిషి.

ఆమె పెళ్లయిన ఏడాదికే తల్లి పోయింది. పొట్ట ఉబ్బరమంటూ నెలల తరబడి అరుగుదల మాత్రలు మింగింది. అండాశయంలో క్యాన్సరని తేలేసరికి అది కడుపంతా పాకిపోయి ఉంది. పద్దెనిమిదేళ్ల తర్వాత అక్కకు రొమ్ములో గడ్డ బయటపడింది.

అక్క ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ తల్లి సంగతి ఆరా తీసింది. "రెండు జబ్బులకీ మూలం ఒకటే అయ్యుండొచ్చు. రక్తం పరీక్ష చేయిద్దాం" అంది. అక్క జన్యువులో లోపం ఉందని తేలింది. అలాంటి లోపం ఉన్నవాళ్లకే బాగా పనిచేసే కొత్త మాత్రలు వచ్చాయట. కీమో ముగిశాక అక్క వాటిని ఏడాదిపాటు పూటకోసారి వేసుకుంది. తోబుట్టువులకూ ఆ లోపం ఉండే అవకాశం సగానికి సగమని చెప్పారు.

అక్కది పెద్ద నోరు. "అమ్మ గాజులు నేనే కొట్టేశానని ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నావుగా. వెళ్లి చూసుకో, ఇందులో నీకూ వాటా ఉందేమో" అంది.

వాటా ఉంది. అప్పుడు బైండరమ్మకు నలభై ఒకటి.

"సరే. ఇప్పుడేం చేయాలి?" అని అడిగింది, ఎన్ని కాపీలు కుట్టాలని అడిగినట్టు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. రొమ్ముకైతే ఏటా ఎమ్మారై, మామోగ్రామ్ తీస్తూ ఉంటే ఏదైనా వచ్చినా చిన్నగా ఉండగానే పట్టుకోవచ్చు. అండాశయాలను అలా కనిపెట్టుకుని ఉండే నమ్మకమైన పరీక్ష ఇంకా లేదు. వాటినీ, వాటి పక్కనుండే నాళాలనూ ముందే తీసేయడం మేలు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఇంటికొచ్చాక గింజుకున్నాడు. "రోగం లేకుండా కోయించుకోవడమేంటి?"

"లిఫ్టు తాడు తెగాక మారుస్తావా, ముందే మారుస్తావా?"

అతను లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఆ సాయంత్రం వంట తనే చేశాడు.

పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి తీసేశారు. మర్నాడే ఇంటికొచ్చింది. పదిరోజుల తర్వాత ఫలితం చెప్పడానికి పిలిచారు. తీసేసిన నాళం కొసన నువ్వుగింజంత మేర క్యాన్సర్ మొదలై ఉంది. అక్కడి నుంచి ఎక్కడికీ పోలేదు.

"ఏ స్కాన్‌లోనూ దొరికేది కాదమ్మా. సమయానికి వచ్చారు" అంది డాక్టరమ్మ. భర్త కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాడు. బైండరమ్మ బల్ల మీది రిపోర్టునే చూస్తోంది. రెండో పేజీ పైన ఉంది, ఒకటో పేజీ కింద ఉంది. తీసి వరుసలో పెట్టింది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అదృష్టవంతురాలివి అన్నారు. ఆమె అవునంది. అండాశయాలు తీసేసినందువల్ల మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు పొంగేవి, జాకెట్టు తడిసిపోయేది. అది తెలిసేది. మిగతా ఏదీ ఆమెకు తెలిసేది కాదు. భయం లేదు, బెంగ లేదు, గండం గడిచిన సంబరమూ లేదు. ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలులా ఉండేది మనసు.

"ఒకసారి ఏడవ్వే, తేలికవుతుంది" అంది అక్క.

"రావట్లేదక్కా. నువ్వేడు."

అక్క ఇద్దరి వంతూ ఏడ్చింది.

ఇది జరిగి ఆరేళ్లయింది. బైండరమ్మ ఏటా ఎమ్మారై కోసం గొట్టంలాంటి యంత్రంలో బోర్లా పడుకుంటుంది. అది దడదడలాడినంత సేపూ పదహారు, ముప్ఫై రెండు, నలభై ఎనిమిది అని, కుట్టేటప్పటిలా పదహారేసి పేజీలు లెక్కపెట్టుకుంటుంది. ఇంతవరకూ ఏమీ కనిపించలేదు. అక్క జుట్టు ఒత్తుగా మొలిచింది, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

ఈ ఏడు బైండరమ్మ కూతురికి పాతికేళ్లు నిండాయి. ఎవరికీ చెప్పకుండా తనే వెళ్లి పరీక్ష చేయించుకుంది. ఫలితం వచ్చిన రోజు నేరుగా అచ్చాఫీసుకొచ్చింది.

"నాకు రాలేదమ్మా. ఆ లోపం నాకు లేదు."

"మంచిది" అంది బైండరమ్మ.

కూతురు బల్ల దగ్గరికొచ్చింది. "అంతేనా?"

"చేతులకు జిగురుంది. కాస్తాగు."

కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. జిగురు ఎప్పుడో పోయింది, నీళ్లు మాత్రం ఆపలేదు. పక్కింట్లో ఎవరికో శుభం జరుగుతున్నట్టుంది ఆమెకు. మాటలు వినిపిస్తున్నాయి, లోపలికి వెళ్లే తలుపు ఎక్కడుందో తెలియడం లేదు.

తిరిగొచ్చేసరికి కూతురు స్టూలు మీద కూర్చుని, మడవాల్సిన కాగితాలు మడుస్తోంది, వంకరగా. బైండరమ్మ తప్పని చెప్పలేదు. పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుంది.