కొండెక్కిన ఎల్.వి. బోర్డు

గార్డు అన్న పాత పేరు తీసేసి మమ్మల్ని ట్రైన్ మేనేజర్లని పిలవడం మొదలుపెట్టిన ఏడాదే, జనవరిలో ఒక ఆదివారం, నాకొక వింత డ్యూటీ పడింది. రైలు లేదు, పట్టాలు లేవు. పదకొండు మంది పిల్లలు, నాతో కలిపి తొమ్మిది మంది పెద్దలు, ఒక కొండదారి. ఆ వరుసకు చివర నడిచే బాధ్యత నాది.

వికారాబాద్ దాటాక గుట్టల మీదుగా పడమటికి సాగే పాత కాలిబాట ఒకటుంది. మొత్తం నడవాలంటే వారం పైనే పడుతుంది. పద్మారావు నగర్, కార్ఖానా వైపు ఉండే మా రైల్వే కుటుంబాలు కొన్ని కలిసి దాన్ని ముక్కలు ముక్కలుగా నడుద్దామనుకున్నాయి. నెలకొక ఆదివారం, ఒక ముక్క. పొద్దున్నే సికింద్రాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కడం, దిగి నడవడం, దారిలో పులిహోర డబ్బాలు ఖాళీ చేయడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. అంతకుముందు మూడు ముక్కలు ఏ ఏర్పాటూ లేకుండా నడిచి, మూడుసార్లూ సాయంత్రం బండి అందుకోలేకపోయారు. అందుకని నాలుగో ముక్కకు నన్ను పిలిచారు. ముప్పై ఐదేళ్లు గూడ్సు బండ్ల వెనకా, ప్యాసింజర్ల వెనకా తిరిగినవాణ్ని. క్రమశిక్షణ అంటే ఏమిటో చూపిద్దామని నాకూ కొంచెం ఉబలాటంగానే ఉంది.

రెండు పేజీల నియమావళి రాశాను. ముందు నడిచేది సత్తయ్య. అతను లోకో పైలట్, అంటే మామూలు మాటల్లో డ్రైవరు. మధ్యలో ఆగే చోట్లన్నీ స్టేషన్లు. పిల్లలందరి మెడలో ప్లాస్టిక్ విజిల్. అన్నిటికంటే ముఖ్యమైనది ఎల్.వి. బోర్డు. ఎల్.వి. అంటే లాస్ట్ వెహికల్, బండి చివరి డబ్బా వెనక ఈ రెండక్షరాల బోర్డు వేలాడుతుంది. బండి స్టేషన్ దాటేటప్పుడు స్టేషన్ మాస్టరు చూసేది దాన్నే. బోర్డు కనిపిస్తే బండి మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే కొన్ని డబ్బాలు వెనక ఎక్కడో తెగి నిలబడ్డాయని అనుమానం, ఆ దారిలోకి ఇంకో బండిని వదలరు. నేను అట్టముక్క మీద ఎల్.వి. అని రాసి, పిల్లల్లో చివరివాడైన బంటి సంచికి వెనక కట్టాను. బంటి సత్తయ్య మనవడు, ఏడేళ్లవాడు. బోర్డు కట్టాక వాడి నడకే మారిపోయింది.

ఈ ఏర్పాట్లన్నీ చూసి నవ్వనిది మా అమ్మాయి స్వరూప ఒక్కతే. తన కూతురు సహస్రకు ఎనిమిదేళ్లు. గుట్టలూ పాములూ అంటూ మూడు నెలలు పంపలేదు. ఈసారి ఎట్లాగో ఒప్పుకుని తనూ వచ్చింది కానీ, ప్యాసింజర్ కదలకముందే షరతు పెట్టింది. ఏమన్నా తేడా వస్తే పిల్లకు ఇదే మొదటి నడక, ఇదే ఆఖరు. సహస్ర ఆ మాట విని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ధీమాగా తలూపాను.

బండిలో పిల్లలు నన్ను చుట్టుముట్టారు. నడుస్తున్న బండి మధ్యలో తెగిపోతే ఏం చేస్తారని అడిగింది సహస్ర. అలాంటి ప్రశ్న అడిగితే గార్డు ఆగడు. డ్రైవరు ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు, ఒక పొట్టి కూత వేస్తాడని చెప్పాను. వెనక మిగిలిన ముక్క ఉన్నచోటే ఉండాలి, అంగుళం కదలకూడదు. గార్డు ఎర్రజెండా పెట్టి, నడిచి వెళ్లి పట్టా మీద పటాకాలు పెడతాడు. అవి చిన్న డబ్బీల్లాంటివి, చక్రం ఎక్కగానే ఢామ్మని పేలి వచ్చే బండిని ఆపుతాయి. ఎన్ని పెడతారు, ఎంత ఎడంగా పెడతారు అని సహస్ర మళ్లీ మళ్లీ అడిగింది. మూడు, పదేసి మీటర్ల ఎడంగా అన్నాను. బంటి ఈలోపు నిద్రపోయాడు.

నడక మొదలైన గంటన్నరకు రేగుచెట్లు వచ్చాయి. జనవరి కదా, పండ్లు రాలి బాటంతా పరుచుకున్నాయి. వరుస చెదిరింది. గార్డు దగ్గర ఒక జర్నల్ ఉంటుంది. బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఎందుకు ఆగిందో అందులో రాయాలి, లేకపోతే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. నేను ఆ రోజూ జర్నల్ తెచ్చాను. 'బూటు లేసు, మూడు నిమిషాలు.' 'గొంగళిపురుగు, నాలుగు నిమిషాలు.' 'రేగుపండ్లు, ఏడు నిమిషాలు, ఇంకా నడుస్తోంది.' మొత్తం ఆలస్యం కూడుకుంటూ తలెత్తితే, నా ముందు ఎల్.వి. బోర్డు కదిలిపోతోంది. నేనూ కదిలాను. ఎల్.వి. ఎక్కడుంటే గార్డు అక్కడ. ముప్పై ఐదేళ్లు కాళ్లకు పట్టిన అలవాటది, తలను అడగదు.

గుట్ట మీద రెండో స్టేషన్, అంటే ఒక బల్లపరుపు బండ దగ్గర, సత్తయ్య నిలబడి ఉన్నాడు. "అన్నా, కంప్లీటేనా?" అని అడిగాడు. బంటి వీపు చూశాను, బోర్డు ఉంది. కంప్లీట్ అని చెప్పి, టైము వేసి, జర్నల్లో అదే రాసి సంతకం కూడా చేశాను.

అయిదు నిమిషాల తర్వాత స్వరూప పులిహోర పంచుతూ ఆగిపోయింది. సహస్ర ఏదని అడిగింది. వరుసలో సహస్ర నడవాల్సింది సరిగ్గా బంటికి ముందు. బంటిని అడిగితే, ఆమె బండరాయి వెనకాల చెట్టుకాడికి పోయింది, నేను దాటి వచ్చిన అన్నాడు. అంటే అసలు చివరి డబ్బా సహస్ర. బోర్డు మాత్రం ఆమెను దాటి ముందుకొచ్చేసింది, నేను దాని వెంట వచ్చేశాను.

స్వరూప నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నాన్నా, ఆ బుక్కుల కాదు, నా బిడ్డ మీద పెట్టాలె కండ్లు" అంది. నా సర్వీసులో బండ్లు పట్టాలు తప్పడం చూశాను, పశువుల మీదికి పోవడం చూశాను. అప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. పదిమంది పిల్లలు పది విజిళ్లు ఊదారు. స్వరూప అప్పటికే బాటమీద పరుగు. ముందు ముక్క పర్మిషన్ లేకుండా వాపసు పోవద్దని సత్తయ్య అలవాటుగా నోరు జారాడు, ఆమె చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు. నేను చెయ్యెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాను. ఊదడం ఆగింది. గాలి చప్పుడు. తర్వాత, చాలా కింద నుంచి, సన్నగా ఒక విజిల్. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి.

నాకు కళ్లు తిరిగినంత పనయింది, సంతోషంతో. పిల్ల ఉంది, ఉన్నచోటే ఉంది, బుర్ర పనిచేస్తోంది. సత్తయ్యను మిగతావాళ్ల దగ్గర ఉంచి నేను స్వరూప వెనకాల దిగాను. రేగుచెట్లు కనిపించే మలుపులో బాటకు అడ్డంగా తలకాయంత రాయి ఒకటి. పది అడుగుల తర్వాత ఇంకోటి. ఇంకో పది అడుగులకు మూడోది. దాని అవతల ముళ్లకంపకు కట్టిన ఎర్ర స్వెట్టరు. దాని పక్కన బండరాయి మీద సహస్ర, ఒళ్లో రేగుపండ్ల కుప్ప, నోట్లో విజిల్.

స్వరూప రాళ్లను దాటి పోయి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. నేనూ మూడు రాళ్లు దాటి స్వెట్టరు దాకా వచ్చాను. సహస్ర తల్లి భుజం మీది నుంచి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు తాతా. మూడు పటాకలు దాటి వచ్చినవ్, ఒక్కదానికన్న ఆగినవా?"

ఆగాను. ఆ రోజు నేను నియమం ప్రకారం చేసిన పని అదొక్కటే. భయమెయ్యలేదా అని తల్లి అడిగితే, జెర ఏసింది, గానీ వెనక ముక్క కదలొద్దు గదా అంది. నిజానికి ఆ కూత వేయాల్సింది డ్రైవరు, వెనక మిగిలినవాళ్లు కాదు. ఆ పొరపాటు నేను జర్నల్లో ఎక్కించలేదు.

నా పొరపాటు మాత్రం ఎక్కించాను. జర్నల్లో దిద్దడం, చెరపడం ఉండదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, సరైనది పక్కన రాసి, సంతకం చేయాలి. 'కంప్లీట్' మీద గీత గీశాను. 'ఒకరు తక్కువ, గార్డు తప్పు' అని రాశాను. సాక్షిగా సహస్ర సంతకం చేసింది, పేరు చివర ఒక విజిల్ బొమ్మ గీసి. సాయంత్రం బండి నాలుగోసారీ తప్పిపోయింది.

స్టేషన్‌లో తర్వాతి బండి కోసం కూర్చున్నప్పుడు స్వరూప బంటి సంచికున్న అట్టముక్క విప్పింది. ఇక పిల్లను పంపనని చెప్పడానికే వస్తోందనుకుని తల వంచుకున్నాను. ఆమె దాన్ని నా మెడలో వీపు వైపు వేలాడేటట్టు వేసింది. "వచ్చే నెల గిట్లనే రా నాన్నా. బోర్డు నీ మీదుంటే నిన్ను దాటి పోదు" అంది. వచ్చే నెల అన్న మాట విని సహస్ర మిగిలిన రేగుపండ్లన్నీ నా ఒళ్లో పోసింది.

అది జరిగిన రెండేళ్లకు రిటైరయ్యాను. బోర్డు చూసి బండి వచ్చిందని నమ్మడం రైలుకు చాలు, డబ్బాలు ఒకదాన్నొకటి దాటిపోవు కాబట్టి. పిల్లలు దాటిపోతారు. కాబట్టి గుర్తు ఎంత మంచిదైనా తలలు లెక్కపెట్టాల్సిందే. ఆ బాట అయిపోయి వేరే బాటలు పట్టినా, ఇప్పటికీ నెలనెలా ఎల్.వి. మెడలో వేసుకుని చివర నడుస్తున్నాను. ప్రతి స్టేషన్‌లో లెక్కపెట్టేది సహస్ర. నన్ను కూడా కలిపే లెక్కపెడుతుంది.