దుప్పటికి అటు చివర

కొంగకు జరిగిన అన్యాయం ఒక్క చూపుతో జరిగింది. పెద్దాసుపత్రి లాండ్రీలో పెద్ద మిషను పాడై నీళ్ళు గదంతా పారుతున్నాయి. మేస్త్రీ మోకాళ్ళ దాకా ప్యాంటు మడుచుకుని, మిషను పొట్టలోంచి తీసిన కత్తెరను పైకెత్తి పట్టుకుని, "ఈ మూట ఎవరు వేశారు?" అని అడిగాడు. నిచ్చెన అని పిలిచే పనామె తల తిప్పి కొంగ వైపు చూసింది. నోరు విప్పలేదు, చూసిందంతే. మేస్త్రీ ఆ చూపు వెంటే వెళ్ళి కొంగ మొహం దగ్గర ఆగాడు.

మూట వేసింది నిచ్చెన.

ఆపరేషన్ గదుల నుంచి వచ్చే మూటల్ని విప్పకుండా మిషన్లో వెయ్యకూడదు. ఒక్కో దుప్పటినీ రెండు మూలలు పట్టుకుని దులపాలి. కింద ఏదైనా పడిన చప్పుడు వినపడుతుందేమో చెవి పెట్టాలి. దుప్పట్లలో ఏవేవో వచ్చేవి. చెంచాలు, థర్మామీటర్లు, ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు. ఆ రోజు వాన. మూటలు తడిసి బండరాళ్ళలా ఉన్నాయి. నిచ్చెన నడుము నొప్పిగా ఉందని ఒక మూటను విప్పకుండానే లోపలికి తోసేసింది.

"నేను కాదండీ," అంది కొంగ.

"నేనే అని ఎవరైనా అంటారా?" అన్నాడు మేస్త్రీ.

మిషను బాగు చేయించడానికి ఆసుపత్రి వాళ్ళకి చాలా రోజులు పట్టింది. కొంగ సంగతి తేల్చడానికి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. ఉండడానికి ఆమెకు ఇవ్వాల్సిన గది ఆపేశారు. వరసలో తర్వాతి పేరు నిచ్చెనది. గది ఆమెకిచ్చారు.

ఆ పేర్లు వాళ్ళకి తల్లిదండ్రులు పెట్టినవి కావు, లాండ్రీ పెట్టినవి. ఇద్దరూ బాగా పొడుగు. ముందొచ్చినామె మెడ సాచి నడిచేది కాబట్టి కొంగ అన్నారు. తర్వాత వచ్చినామెకి మిగిలింది నిచ్చెన. వార్డుల్లోకి ఉతికిన బట్టలు తీసుకెళితే నర్సులు, "అదిగో వచ్చారు, ఫ్యాన్లు తుడిపించుకోండమ్మా," అనేవాళ్ళు. దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకరు పొట్టి అయితే దుప్పటి వాలుతుంది, అంచులు కలవవు, వార్డు నుంచి తిరిగొస్తుంది. లాండ్రీలో అంత ఎత్తు మనుషులు వాళ్ళిద్దరే. అందుకని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురెదురుగా నిలబడేవాళ్ళు. లాగడం, దులపడం, మధ్యకి మడవడం, ఒకరి దగ్గరికి ఒకరు నడవడం, చేతుల్లోంచి చేతుల్లోకి మూలలు మార్చుకోవడం, మళ్ళీ వెనక్కి. రోజుకి ఎన్నిసార్లు ఒకరి వేళ్ళు ఒకరికి తగిలేవో లెక్క లేదు. కట్టుకున్నవాళ్ళు కూడా ఒకరినొకరు అన్నిసార్లు ముట్టుకోరు.

అప్పట్లో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కొంగకు భర్త లేడు. ఒక్కతే కూతురు. లాండ్రీ ఆడవాళ్ళకి ఆసుపత్రి వెనక ఒక పొడవాటి హాలు ఇచ్చారు. వరసగా ఇనప మంచాలు, మంచానికో పెట్టె. పిల్లల్ని అందులో ఉంచుకోనివ్వరు. అందుకని పిల్లను తన అక్క దగ్గర పెట్టింది. బాయిలరు పక్కనున్న గది ఖాళీ అయి తనకే వస్తుందని తెలిసిన రోజు, కొంగ నిచ్చెన చెయ్యి పట్టి లాక్కెళ్ళి, ఇద్దరూ దుప్పటి పరిచి ఆ గదిని కొలిచారు. అటు ఒక దుప్పటి, ఇటు ఒక దుప్పటి, మధ్యలో మనిషి నడిచే దారి.

"రెండు మంచాలు పడతాయే," అంది కొంగ.

"నీ కాళ్ళు గుమ్మం బయట ఉంటాయి అక్కా. దారిన పోయేవాళ్ళు చెప్పులనుకుని తొడుక్కుపోతారు."

"పోనీలే. తలకాయ లోపల ఉంటే చాలు."

తాళం చేతికి రాకముందే, పిల్ల బడి సంచీ తగిలించడానికి గోడకి ఒక మేకు కూడా కొట్టేసింది.

ఇదంతా నిచ్చెనకు తెలుసు. మేస్త్రీ అడిగినప్పుడు గది గుర్తుకు రాలేదని ఆమె ఆ తర్వాత తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. భయంతో చూశాను, చూపు ఎక్కడో ఒకచోట పడాలి కదా అనుకుంది. ఆమె అప్పుడు ఉంటున్న ఇంట్లో గోడలకి చెమ్మ ఎక్కి చిన్నవాడు ఎప్పుడూ దగ్గుతుండేవాడు. గుర్తొచ్చిందో లేదో ఆమెకే తెలియదు. గదిలోకి మాత్రం వెళ్ళింది. ఆమె మొగుడు ఆ మేకుకి చొక్కా తగిలించాడు. చిన్నవాడి దగ్గు తగ్గింది.

కొంగ ఆమెతో మాట మానేసింది. తిట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండేదే. కానీ మర్నాడు పొద్దున మామూలుగా వచ్చి, దుప్పటికి అటు చివర నిలబడి మూలలు పట్టుకుంది. మనుషుల్ని మార్చమని నిచ్చెనే వెళ్ళి మేస్త్రీని అడిగింది. "మీ ఎత్తు మనిషిని ఎక్కణ్ణించి తెమ్మంటావు, కొలతలిచ్చి కుట్టించనా?" అన్నాడు మేస్త్రీ.

అలా ఏళ్ళు గడిచాయి. అవే అడుగులు, అవే మూలలు, తగిలే వేళ్ళు కూడా అవే. మాట మాత్రం లేదు. తప్పనిసరి అయితే ఇస్త్రీ ఆవిడ ద్వారా నడిచేది. ఆమె పొట్టిగా, గుండ్రంగా ఉండి ఇద్దరి మధ్యా టేబులు దగ్గర నిలబడేది.

"ఈ మూల ఇంకా తడిగా ఉందని ఆవిడకి చెప్పు," అనేది కొంగ.

"అమ్మా, తడిగా ఉందట. నువ్విటు ఏం చెప్పమంటావో అదీ చెప్పు, ఒకేసారి అటు పడేస్తాను. ఇస్త్రీ పనికి పెట్టుకున్నారో టెలిఫోను పనికి పెట్టుకున్నారో నాకే తెలీట్లేదు."

నిచ్చెన నవ్వేది. కొంగ నవ్వేది కాదు.

సెలవు రోజున కొంగ బస్సెక్కి అక్క ఇంటికి వెళ్ళేది. గేటు తీస్తుంటే లోపలి నుంచి పిల్ల గొంతు వినపడేది, "అమ్మా, పిన్ని వచ్చింది," అని. ఆ అమ్మ అక్క, పిన్ని తను. అక్క పిల్లలు అలా పిలుస్తుంటే ఇదీ అలాగే పిలిచింది, ఎవరూ దిద్దలేదు. "నీ పని నువ్వు సరిగ్గా చేసి ఉంటే ఆ గది నీకు దక్కేది కదే," అని అక్క పిల్ల ముందే అనేది. ఆమె చెడ్డది కాదు, అయిదుగురికి అన్నం పెట్టి అలిసిపోయిన మనిషి. కొంగ ఒకే ఒక్కసారి, "నేను కాదక్కా," అంది. మేస్త్రీ నమ్మనిది అక్క మాత్రం ఎందుకు నమ్ముతుంది? ఆ పైన ఇక అనలేదు. ఇవన్నీ హాల్లో పక్క మంచం వాళ్ళ ద్వారా ఇస్త్రీ ఆవిడకి, ఇస్త్రీ ఆవిడ నుంచి నిచ్చెనకు చేరేవి. వినకుండా ఉండాలంటే చెవులు కోసుకోవాలి.

చివరికి ఆసుపత్రి వాళ్ళు లాండ్రీ మూసేసి, బట్టలు బయటి కంపెనీకి ఇచ్చారు. రోజూ ఒక వ్యాను వచ్చి ఎత్తుకుపోయేది. పనివాళ్ళందరినీ ఒకే రోజు పంపించారు. గేటు దగ్గర నిచ్చెన, "అక్కా," అని పిలిచింది. కొంగ బస్సు వస్తోందేమో చూస్తున్నట్టు రోడ్డు వైపే చూసింది. బస్సు రాలేదు. అయినా చూస్తూనే ఉంది.

తర్వాత మళ్ళీ కబురు తెచ్చింది ఇస్త్రీ ఆవిడే, బజార్లో ఎదురుపడి. "నీ జంట పక్షి పెద్దాసుపత్రిలో ఉంది. ఇన్నాళ్ళూ దుప్పటికి అటు చివర ఉండేది, ఇప్పుడు దుప్పటి కింద ఉంది. కడుపులో గడ్డట. కోసి చూసి మళ్ళీ కుట్టేశారట."

నిచ్చెన ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలా అని రెండు మూడు రోజులు ఇంట్లోనే తచ్చాడింది. ఉన్న మొహంతోనే వెళ్ళింది. కొంగ ఆమెను చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. నిచ్చెన స్టూలు లాక్కుని కూర్చుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకరి వీపు ఒకరి మొహం.

కొంగ అందరితోనూ బాగానే మాట్లాడేది. నర్సుతో, "కాస్త తొందరగా కానివ్వండమ్మా, బయట వరండాలో మంచం కోసం పడిగాపులు పడుతున్నారు," అనేది. శాలువా పక్క మంచం ముసలామెకి ఇచ్చేసింది. చెప్పులు ఆయాకి ఇవ్వబోతే, "నీ చెప్పులు నాకెందుకు, పడవలు నడపనా?" అంది ఆయా. కొంగ పకపకా నవ్వి, కడుపు పట్టుకుని చాలాసేపు మూలిగింది. సామాను సర్దేసుకుని బండి కోసం ఎదురుచూసే మనిషిలా ఉండేది. అది చూస్తూ నిచ్చెన, ఈమె వెళ్ళిపోతుంది, నేనిక్కడే ఉండిపోతాను, ఆ మూట నాతోనే ఉంటుంది అనుకునేది.

కూతురు సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా వచ్చేది. ఆమె కూడా పొడుగే. "పిన్నీ, మందులు వేసుకున్నారా? పిన్నీ, డాక్టరు వచ్చారా?" అని అడిగేది. పక్కింటావిణ్ణి చూడ్డానికి వచ్చినట్టు, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మర్యాదకి లోటు లేదు. కొంగ కూడా అంతే మర్యాదగా, "వేసుకున్నానమ్మా, నువ్వు బయల్దేరు, చీకటి పడుతుంది," అనేది.

ఒక సాయంత్రం కూతురు వరండా చివర కుళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతుంటే నిచ్చెన వెనకాలే వెళ్ళింది.

"ఒక మాట చెప్పాలమ్మా. మీ అమ్మ గురించి."

"మా అమ్మ ఇంట్లో ఉంది ఆంటీ. ఓ, పిన్ని గురించా?"

నిచ్చెన చెప్పేసింది. వాన, మూట, కత్తెర, చూపు. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. కూతురు వింటూ, ఎప్పుడో శుభ్రపడిన ఫ్లాస్కును కడుగుతూనే ఉంది. నీళ్ళు పొంగి చేతుల మీదుగా పోతున్నాయి.

"ఆ గది ఎంత ఉండేది?" అంది కూతురు.

"రెండు మంచాలు పట్టేవమ్మా."

"పట్టేవా?"

"కొలిచి చూసింది. నేనూ ఉన్నాను."

"మీ పిల్లలు అందులోనే పెరిగారా?"

"అవునమ్మా."

"బాగా పెరిగారా?"

ఆ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా తప్పే.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగను," అంది కూతురు, కుళాయి కట్టేస్తూ. "అది తెలుస్తూనే ఉంది. ఇప్పుడెందుకు చెప్పారు?"

"ఆవిడ పోయాక చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు కదమ్మా."

"మీ ధైర్యం సంగతి బాగానే ఉంది," అందామె. "ఈ వయసులో నేను ఎవర్ని ఏమని పిలవాలి ఆంటీ? ఇంట్లో ఉన్నామె ముప్పూటలా వండి పెట్టింది నాకు. ఆమె కూడా ఏ తప్పూ చెయ్యలేదు." ఫ్లాస్కులో నీళ్ళు పట్టడం మర్చిపోయి, ఖాళీదే పట్టుకుని వార్డులోకి వెళ్ళిపోయింది.

నిచ్చెన లోపలికి వెళ్ళలేదు. మెట్లు దిగి ఇంటికి పోయింది. బరువు దిగుతుందనుకుంది. దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం వార్డుకి వెళితే కూతురు లేదు, స్నానానికి ఇంటికి వెళ్ళిందన్నారు. కొంగ ఈసారి గోడ వైపు తిరిగి లేదు. తలుపు వైపే చూస్తోంది. ఎవరి కోసమో తెలుస్తూనే ఉంది. వచ్చింది నిచ్చెన అని చూశాక కూడా మొహం తిప్పుకోలేదు.

"ఇలా రా," అంది.

అన్ని ఏళ్ళ తర్వాత తనతో అన్న మొదటి మాట అది. నిచ్చెన స్టూలు మీద కూర్చోబోయి, కూర్చోలేక నిలబడింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే ఆఖరు.

"చెప్పావట."

"చెప్పాను అక్కా."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పమనలేదు."

"నేను అడిగానా? ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా అడిగానా నిన్ను?"

"లేదక్కా."

కొంగ కళ్ళు మూసుకుని, ఊపిరి అందాక మళ్ళీ తెరిచింది. గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే నిచ్చెన తట్టుకునేది.

"నిన్న రాత్రి పిల్ల ఇంటికి వెళ్ళలేదు. ఈ ఇరుకు మంచం మీదే నా పక్కన ఒదిగి పడుకుంది. నర్సు వచ్చి తిట్టినా లేవలేదు. చిన్నప్పుడు నన్ను దేంతో నిద్రపుచ్చేదానివి అని అడిగింది. నాకు గుర్తు రాలేదే. ఎంత ఆలోచించినా రాలేదు. గుర్తు తెచ్చుకుని రేపు చెబుతాలే అన్నాను. రేపు అన్నాను, విన్నావా? మొన్నటి దాకా గోడ వైపు తిరిగి చచ్చిపోదామనుకున్నదాన్ని. అప్పుడు గది పోయినా ఓర్చుకున్నాను, ముందు బోలెడు కాలం ఉందనిపించేది. ఇప్పుడు చూడు, నాకు బతకాలని ఉంది. రెండోసారి కూడా అన్యాయం నువ్వే చేశావు నాకు."