మామిడి గిటారుకు నేను వేసిన రంగు

పోయిన నెల హుస్సేనీ ఆలంలో చాచా కార్ఖానాకు వెళ్ళి ఒక అబద్ధానికి తల ఊపి వచ్చాను, ఆనాటి నుంచి అన్నం సయించడం లేదు. చాచా అంటే మా నాన్న స్నేహితుడు, గిటార్లు చేసే ఉస్తాద్. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు కార్ఖానా నడిపేది ఆయన కూతురు. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఆ రోజు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు నలుగురు గిటార్లు చూడడానికి వచ్చారు. గోడకు వేలాడుతున్నవన్నీ పసుపుగా, నల్లటి చారలతో, రంగన్నదే లేకుండా ఉన్నాయి, ఒక్కోదాని లోపల అది ఏ చెట్టుదో, ఏ పాత ఇంటి దూలమో రాసిన చీటీ ఉంది. రంగెందుకు వేయరని ఒకమ్మాయి అడిగితే, చెల్లె నవ్వుతూ, తన తండ్రి అంతటివాడు కూడా ఒకసారి మామిడి చెక్కకు రోజ్‌వుడ్ రంగు వేయించి పరువు పోగొట్టుకున్నాడని, అప్పటినుంచి ఈ గడపలోకి రంగు డబ్బా రాలేదని చెప్పి, "అవునా కాదా అన్నా, నువ్వుంటివి కద" అని నావైపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడే నాకంటే నయం, నేను చాయ్ తాగుతూ తల ఊపాను.

మన రోజుల్లో పాలిష్ పని అంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. తక్కువ చెక్కను ఎక్కువ చెక్కగా చూపించడం, మా నాన్న నాకు నేర్పిన విద్యంతా అదే. కార్వాన్‌లో ఫర్నిచర్ దుకాణాలకు మేము వేప బల్లను టేకు బల్ల చేసి ఇచ్చేవాళ్ళం, పెళ్ళి మంచాలైతే చెప్పనే అక్కరలేదు, అమ్మినవాడికీ తెలుసు, సగంమంది కొన్నవాళ్ళకూ తెలుసు, ఎవరూ లొల్లి పెట్టుకునేవాళ్ళు కాదు. అలాంటి నా చేతికి చాచా తన గిటార్లు అప్పగించాడు. చర్చిల్లో పాడేవాళ్ళు, పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రావాళ్ళు వెతుక్కుంటూ ఆ సందులోకి వచ్చేవారు, రోజ్‌వుడ్ వీపు మీద లక్క పాలిష్ ఎక్కించి నేను గుడ్డతో తిప్పుతుంటే అందులో మొహం చూసుకునేవారు, నాకు అదొక గర్వం.

తర్వాత రోజ్‌వుడ్ దొరకడం కష్టమైంది. దొరికినా కాగితాలుండేవి కావు, అడవిలో ఎవడో దొంగతనంగా నరికి తెచ్చిందే. మిగతా ఉస్తాద్‌లు కళ్ళు మూసుకుని కొన్నారు, చాచా కొననన్నాడు. కార్వాన్‌లో ఎవరో ఇల్లు కట్టడానికి పెరట్లో మామిడి చెట్టు కొట్టేస్తుంటే మొద్దు తెచ్చి, పలకలు కోయించి, అటక మీద మూడేళ్ళు ఆరబెట్టాడు. పడగొట్టిన పాత నవాబుల దేవిడీల టేకు దూలాలు తెచ్చి మెడలు చెక్కాడు. అంతటితో ఊరుకోక గిటారు ఆకారమే మార్చాడు, పొట్ట పలుచన చేశాడు, నడుమ ఉండాల్సిన రంధ్రాన్ని పైకి, భుజం దగ్గరికి జరిపాడు, వాయించేవాడి చెవికి ముందు వినబడాలట. వినబడింది కూడా, ఆ మోత తియ్యగా ఉండేది, ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

అప్పుడు మాత్రం నాకు తల తీసేసినట్టుండేది. మామిడి అంటే మాకు పండ్ల పెట్టెల చెక్క, పొయ్యిలోకి కట్టె. సందులో మిగతా పనివాళ్ళు నన్ను చూసి, మీ గిటార్లలో పండ్లెన్ని పడతాయని అడిగేవాళ్ళు. అలాంటి సమయంలో సికింద్రాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చింది, పిల్లలకు సంగీతం నేర్పే స్కూలు నడిపేది. అడవి చెట్టు నరకని గిటార్లే కావాలని, ముందు ఒకటి చూసి నచ్చితే స్కూలంతటికీ చేయిస్తానని చెప్పి వెళ్ళింది. చాచా జీవితంలో అంత పెద్ద పని రాలేదు. గిటారు పూర్తయ్యాక ఆయన బంధువుల పెళ్ళికి బీదర్ వెళుతూ, గడపలో నిలబడి మరీ చెప్పాడు.

"రంగు వద్దుర. ఉత్త లక్క ఒక్క చెయ్యి కొట్టు. కట్టె కనవడాలె."

రెండు రోజులు కార్ఖానాలో నేనొక్కణ్ణే. లక్క కొట్టడానికి కూర్చున్నాను, ఆ నల్లచారలు చూస్తుంటే నా చేత్తో ఇలాంటిది బయటికి పంపడమా అనిపించింది. నాకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు, తెలియని వయసని తప్పించుకోవడానికి లేదు. చాచా మీద ప్రేమతో చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు, నా పనితనం చిన్నబోతుందని నేను సిగ్గుపడ్డాను, అంతే. రంగు కలిపి ఎక్కించాను. రోజ్‌వుడ్ చెట్టుకే అనుమానం రానంత బాగా కుదిరింది.

చాచా బీదర్ నుంచి తిన్నగా కార్ఖానాకు వచ్చేసరికి మేడమ్ అప్పటికే వచ్చి కూర్చుంది. నేను గుడ్డ తీసి గిటారు ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె వాయించి చూసి, రంధ్రం భుజం దగ్గరే ఉంది కదా, తల వంచి లోపలికి చూసింది. లోపల పసుపుపచ్చటి మామిడి. బయట అంతా రోజ్‌వుడ్. రంగు వేసినవాడికి ఆ సంగతే తట్టలేదు. ఆమె గిటారు బల్ల మీద పెట్టి, చెట్టు పేరు దగ్గరే ఇలా చేసేవాళ్ళను మిగతాదానికి ఎలా నమ్మాలని అడిగింది. చాచా గిటారు వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

"రంగు నేనే ఏయమన్న మేడమ్. గల్తీ నాది" అన్నాడు.

కార్ఖానాలో ఏం జరిగినా ఉస్తాద్‌దే పూచీ, పనివాణ్ణి కొనవచ్చిన గిరాకీ ముందు నిలబెట్టకూడదు, అది ఆయన పద్ధతి. నాకూ ఒక నోరు ఉంది కదా. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఆమె వెళ్ళిపోయింది, ఆ పని మళ్ళీ రాలేదు. ఆ గిటారును బాగుచేయడానికి కూడా లేకపోయింది, పలకలు పలుచన, రంగు లోతుకు పోయింది, గీకితే చిల్లు పడుతుంది. చాచా నన్ను ఒక్క మాట అనలేదు, సాయంత్రం ఎప్పటిలాగే నాకూ ఒక చాయ్ చెప్పాడు. నేనే ఆరు నెలలు తిరక్కముందే ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళిపోయాను. ఆయన మాత్రం మామిడి విడిచిపెట్టలేదు, కాని వచ్చిన ప్రతివాడూ తీగ మీటక ముందు వంగి లోపలికి చూసేవాడు. కడదాకా, అడిగినవాళ్ళకల్లా రంగు వేయించింది తానేనని చెప్పుకున్నాడు, కన్నబిడ్డకు కూడా. ఆయన్ని మట్టి చేసిన రోజు ఇద్దరు ముసలివాళ్ళు ఆ ముచ్చట తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పానా, లేదు.

తల ఊపి వచ్చిన వారానికి మళ్ళీ వెళ్ళాను. ఎవరూ లేని వేళ చూసుకుని చెల్లెకు మొత్తం చెప్పాను. గీకుతున్న గరుకు కాగితం పక్కన పెట్టి విన్నది.

"అబ్బాకు ఎన్నడన్న చెప్పినవా అన్నా, తప్పయిందని?"

చెప్పలేదన్నాను. ఇకనుంచి ఆ ముచ్చట చెప్పేటప్పుడు నా పేరే చెప్పమన్నాను.

"అబ్బా నోట రాని పేరు నేనెట్ల తీస్తనన్నా? ముచ్చటే బంద్ చేస్త" అని మళ్ళీ పనిలో పడింది.

ఈ రోజుల్లో మామిడి మామిడిగానే అమ్ముడుపోతోంది, పనస, వేప కూడా తమ పేర్లతోనే గోడకెక్కాయి, చారలు ఎన్నుంటే అంత అందమంటున్నారు పిల్లలు. పండ్ల పెట్టెల ఎగతాళి చేసిన కార్ఖానాలవాళ్ళ కొడుకులు కూడా ఇప్పుడు ఏ ఇంటి దూలమో ఊరిస్తూ చెప్పి అమ్ముతున్నారు. ఆనాడు ఒక్కడే అన్న మాట ఈనాడు అందరి నోటా వినబడుతుంటే, వినడానికి ఆయన లేడు. చెల్లె ఆ ముచ్చట బంద్ చేసింది సరే, ఇన్నేళ్ళలో అది విన్నవాళ్ళు ఎందరో, ఎక్కడెక్కడున్నారో, వాళ్ళందరినీ నేను వెతికి పట్టుకోలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రంగు వేసింది నేను. ఆయన వద్దన్నాడు.